గొంతుని బట్టి ఒత్తిడి చెప్పే యాప్: సాయంత్రం అయ్యేసరికి నా స్కోరు ఎందుకు పెరిగిపోతోంది?

పాలకొల్లు_టీచర్:

నమస్తే అందరికీ. నేను పాలకొల్లు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. రోజుకి ఐదు పీరియడ్లు, ఎవరైనా సెలవు పెడితే ఆరు. పదో తరగతి గది రోడ్డు వైపు ఉంటుంది, పైన రెండు పాత ఫ్యాన్లు గడగడమంటూ తిరుగుతాయి. గొంతు ఎత్తకుండా పాఠం చెప్పడం అక్కడ కుదరని పని.

వేసవి సెలవుల్లో చెకప్‌కి వెళ్తే బీపీ గీత దాటి ఉందన్నారు డాక్టరు గారు. మందులు ఇప్పుడే వద్దు, ఉప్పు తగ్గించండి, నడవండి, టెన్షన్ పెట్టుకోకండి అని పంపించారు. ఆ మాట విని మా అబ్బాయి నా ఫోన్లో ఒక యాప్ వేశాడు. అర నిమిషం ఏదో ఒకటి మాట్లాడితే చాలు, గొంతుని బట్టి ఒత్తిడి నూటికి ఎంతో చూపిస్తుంది. ఆ స్కోరు వాడి ఫోన్‌కీ వెళ్తుంది. వాడు బెంగళూరులో ఉంటాడు.

నాకు అర్థం కానిది ఏమిటంటే, పొద్దున లేవగానే 35, 40 మధ్య ఉంటుంది. బడి నుంచి రాగానే 70 దాటుతుంది. నిజానికి ఆ వేళకి నాకు ఏ టెన్షనూ ఉండదు. చెప్పులు విప్పి, టీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుంటే అంతకన్నా హాయి ఇంకేముంది? అదే డీఈఓ గారి ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజు పొద్దున్నే, కడుపులో తిప్పేస్తుంటే మాట్లాడాను, 42 వచ్చింది! ఆదివారం ఇంటి పట్టునే ఉన్నా సాయంత్రానికి ఎంతో కొంత పెరుగుతుంది. రాత్రి పడుకునే ముందు భ్రామరి ప్రాణాయామం చేస్తాను. అది అవగానే చూస్తే స్కోరు బాగా దిగుతుంది. కానీ అప్పుడే బీపీ మెషీన్ పెట్టుకుంటే అందులో పెద్ద తేడా కనిపించదు.

మా వాడేమో "అమ్మా, నువ్వు బాగున్నానంటావు గానీ నీ గొంతు నిజం చెప్పేస్తోంది, ఇక చాల్లే, వీఆర్‌ఎస్ తీసుకో" అని రోజూ ఫోన్. వాడి బాధ వాడిది, కాదనను. కానీ నాకు బడి అంటే ప్రాణం. ఒక అంకెని చూసి మానేయమంటే ఎలా?

నేను అడిగేది ఏమిటంటే: గొంతుని బట్టి ఒత్తిడి కొలవడం అనేది నిజంగా ఉందా, లేదా? ఉంటే ప్రాణాయామం వల్ల వచ్చిన ప్రశాంతతని కూడా అలా కొలవచ్చా? డబ్బు కట్టే యాప్ లేకుండా ఇంట్లో నేనే చూసుకునే మార్గం ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

నైట్‌డెస్క్:

మేడమ్, మీకు యాప్ ఒక్కటే, మాకు అదే జీతం. హైదరాబాద్‌లో తెలుగు కస్టమర్ కేర్‌లో చేస్తున్నాను. మా దగ్గర కాల్ నడుస్తుండగానే స్క్రీన్ మీద పక్కన రంగు మారుతూ ఉంటుంది. పచ్చ అంటే ప్రశాంతం, ఎరుపు అంటే ఒత్తిడి లేదా కోపం. వారం చివర ఎవరికి ఎరుపు ఎంత వచ్చిందో టీమ్ లీడ్ పిలిచి అడుగుతాడు.

మా టీమ్‌లో ఆదోని అమ్మాయి ఒకామె ఉంది. మాట గట్టిగా, గబగబా ఉంటుంది, మనసు వెన్న. కస్టమర్లు ఆమెనే కావాలని అడుగుతారు. ఆమెకి రోజూ ఎరుపే. నేను నెమ్మదిగా, సాగదీసి మాట్లాడతాను కాబట్టి నాకు పచ్చ. నాన్నకి ఆపరేషన్ అయిన వారం, నిద్ర లేకుండా లోపల కుళ్లిపోతూ షిఫ్ట్ చేశాను. అప్పుడూ నాకు పచ్చే వచ్చింది. అందుకే నాకు ఈ లెక్క మీద నమ్మకం పోయింది. తెలిసినవాళ్లు ఎవరైనా దీని సంగతి తేల్చి చెప్తే నాకూ ఉపయోగమే.

స్వరపేటిక:

టీచర్ గారూ, నమస్తే. నేను స్పీచ్ థెరపిస్టుని. మాట, వినికిడి సమస్యల మీద చదువు చెప్పే మైసూరు ఆయిష్ సంస్థలో చదివి, ఇప్పుడు విశాఖలో పనిచేస్తున్నాను. నా దగ్గరికి గొంతు పోయిందని వచ్చేవాళ్లలో టీచర్లే ఎక్కువ, అందుకే మీ ప్రశ్న చూసి వదల్లేకపోయాను. కాస్త పొడుగు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మీ మొదటి ప్రశ్న. గొంతులో ఒత్తిడి జాడ పడుతుంది, అది నిజం. స్వరపేటికలో రెండు స్వర తంత్రులు ఉంటాయి. ఊపిరి కిందినుంచి తోస్తే అవి కొట్టుకుని శబ్దం వస్తుంది. ఆడవాళ్లలో మామూలుగా సెకనుకి 200 సార్లకి అటూ ఇటూ, మగవాళ్లలో 100, 130 మధ్య. దీన్నే పిచ్ అంటాం, హెర్ట్జ్‌లలో కొలుస్తాం. తంత్రుల్ని సాగదీసే కండరం బిగిస్తే పిచ్ పెరుగుతుంది. కిందినుంచి ఊపిరి బలంగా తోసినా పెరుగుతుంది. ఈ కండరాలకి వెళ్లే నరాలు వేగస్ నరం కొమ్మలు. గుండె వేగాన్ని తగ్గించేదీ ఆ వేగసే. శరీరం ఉలిక్కిపడితే ఊపిరి పైపైన ఆడుతుంది, మెడ బిగుస్తుంది, గొంతు పైస్థాయికి పోతుంది. పరిశోధనల్లో మిగతా కొలతల కన్నా నిలకడగా కనిపించింది ఈ పిచ్ పెరుగుదలే. 1937లో హిండెన్‌బర్గ్ విమాననౌక తగలబడుతుంటే రేడియోలో చెప్తున్న వ్యాఖ్యాత గొంతుని తర్వాత విలియమ్స్, స్టీవెన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విశ్లేషించారు. ప్రమాదానికి ముందు, తర్వాత పిచ్ తేడా స్పష్టంగా కనిపించింది.

అయితే ఇంకో సంఘటన చూడండి. 1977 జూలైలో న్యూయార్క్ నగరం మొత్తం చీకటైంది. దానికి ముందు గంటసేపు కరెంటు సరఫరా చూసే ఆపరేటరూ, ఆయన పై అధికారీ ఫోన్లో మాట్లాడుకున్నదంతా రికార్డయింది. పరిస్థితి చేయి దాటిపోతున్న కొద్దీ ఇద్దరిలో ఒకరి పిచ్ పెరుగుతూ పోయింది, రెండోవారి పిచ్ తగ్గుతూ పోయింది. ఒకే ఆపద, ఒకే ఫోన్, రెండు గొంతులూ రెండు దారులు. ఆ రికార్డింగులు విన్నవాళ్లు మాత్రం ఎవరి గొంతు పైకి, గట్టిగా ఉంటే వాళ్లే ఒత్తిడిలో ఉన్నారనుకున్నారు. నైట్‌డెస్క్ గారూ, మీ స్క్రీన్ మీద ఎరుపు, పచ్చ చేస్తున్న పని కూడా దాదాపు అదే. ఆదోని అమ్మాయి మాట తీరుని అది ఒత్తిడి ఖాతాలో వేస్తోంది.

ఇక మీ సాయంత్రం 70 సంగతి. టీచర్ గారూ, దీన్ని ఒత్తిడి అనను, పని అంటాను. చుట్టూ రొద ఉంటే మనకి తెలియకుండానే గొంతు పెంచుతాం. దీన్ని 1911లో లొంబార్డ్ అనే ఫ్రెంచి డాక్టర్ గమనించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. గొంతు పెంచితే శబ్దంతో పాటు పిచ్ కూడా పైకి పోతుంది. గంటల తరబడి అలా మాట్లాడాక, ఇంటికొచ్చి మామూలుగా మాట్లాడినా పిచ్ వెంటనే దిగదు. టీచర్ల మీద చేసిన అధ్యయనాల్లో ఇది మళ్లీ మళ్లీ కనిపించింది. ఒక లెక్క చెప్తాను. మీ పిచ్ 220 అనుకుందాం. రోజు మొత్తంలో గొంతు పలికిన సమయం ఒక్క గంటన్నరే అనుకున్నా, స్వర తంత్రులు పన్నెండు లక్షల సార్లకి దగ్గరగా ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఆ అలసట కూడా ఆ అర నిమిషం రికార్డింగులో ఉంటుంది. యాప్‌కి మీరు ఫ్యాన్ల కింద ఆరు పీరియడ్లు చెప్పొచ్చారని తెలియదు.

ఆదివారం కూడా సాయంత్రం పెరుగుతుందన్నారు కదా. నిద్ర లేచిన వెంటనే ఎవరికైనా గొంతు కాస్త కిందిస్థాయిలోనే ఉంటుంది. సంగీతం నేర్చుకునేవాళ్లని అడగండి, పొద్దున్నే మంద్రస్థాయి సులువుగా అందుతుందని చెప్తారు. పగలు గడిచే కొద్దీ పైకి జరుగుతుంది. కాబట్టి పొద్దుటి స్కోరుని సాయంత్రం స్కోరుతో పోల్చడమే తప్పు. పొద్దుటిని పొద్దుటితోనే చూడాలి.

ఇన్‌స్పెక్షన్ రోజు 42 ఎందుకు వచ్చిందో చెప్పాలంటే మీరు ఒక సంగతి చెప్పాలి. పొద్దున రికార్డు చేసేటప్పుడు ఎక్కడ కూర్చుంటారు, ఎంత గట్టిగా మాట్లాడతారు?

పాలకొల్లు_టీచర్:

స్వరపేటిక గారూ, చాలా సంతోషం. పొద్దున అయిదింటికి వంటింట్లో స్టూలు మీద కూర్చుని మాట్లాడతాను. పక్క గదిలో అత్తయ్యగారు పడుకుని ఉంటారు, ఆవిడకి నిద్ర పట్టేదే తెల్లవారుజామున. అందుకని ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని లోగొంతుతో మాట్లాడతాను. సాయంత్రం వరండాలో, ఫోన్ బల్ల మీద పెట్టి. రోడ్డు మీద ఆటోలు పోతూనే ఉంటాయి.

స్వరపేటిక:

అదీ సంగతి! లోగొంతుతో మాట్లాడితే ఎంత భయం ఉన్నా పిచ్ పైకి పోయే అవకాశం తక్కువ. సాయంత్రం ఆటోల రొదలో మళ్లీ లొంబార్డ్ సూత్రమే పనిచేస్తుంది. అంటే మీ యాప్ ఇన్నాళ్లూ కొలిచింది చాలావరకు అత్తయ్యగారి నిద్రనీ, రోడ్డు మీద ఆటోలనీ.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ప్రశాంతత గురించి. ఇక్కడే చాలామంది పొరబడతారు, యాప్‌లు తయారుచేసేవాళ్లతో సహా. ఒత్తిడి స్కోరు తగ్గితే ప్రశాంతత వచ్చినట్టే అని లెక్క వేస్తారు. గొంతులో మనకి కనిపించేది శరీరం ఎంత ఉద్రేకంలో ఉందన్నది మాత్రమే. పెళ్లిలో సంబరంగా అరిచినా పిచ్ పెరుగుతుంది, పాముని చూసి అరిచినా పెరుగుతుంది. అలాగే కిందికి దిగిన గొంతు హాయిగా ఉన్న మనిషిది కావచ్చు, పూర్తిగా అలిసిపోయిన మనిషిది కావచ్చు, డిప్రెషన్‌లో ఉన్న మనిషిది కూడా కావచ్చు. డిప్రెషన్‌లో మాట నెమ్మదిస్తుంది, మధ్యలో ఖాళీలు పెరుగుతాయి, ఎత్తుపల్లాలు లేకుండా ఒకే స్థాయిలో సాగుతుంది. పిచ్‌నీ వేగాన్నీ మాత్రమే చూసే యంత్రం దాన్ని పచ్చ రంగులో చూపిస్తుంది. నైట్‌డెస్క్ గారూ, నాన్నగారి ఆపరేషన్ వారంలో మీకు పచ్చ రావడం నాకు వింతగా లేదు. బాధగా ఉంది. అలాంటి వారంలో మిమ్మల్ని "బాగున్నావా" అని ఒక మనిషి అడిగి ఉండాల్సింది.

భ్రామరి విషయానికి వస్తే, అది చాలా మంచి అలవాటు, మానకండి. కానీ దాని ఫలితాన్ని గొంతుతో కొలవడంలో ఒక చిక్కుంది. మూసిన పెదవులతో 'మ్' అని రొద చేయడం గొంతుకి నేరుగా వైద్యం. మేం క్లినిక్‌లో అలిసిన గొంతులకి చేయించే వ్యాయామాలు ఇవే: మ్ అనడం, స్ట్రాలోకి ఊదుతూ శబ్దం చేయడం, చిన్నపిల్లలు బండి నడిపినట్టు పెదవులు కొట్టుకుంటూ బుర్‌మనడం. నోరు మూసి ఉంటే లోపలి గాలి వత్తిడి స్వర తంత్రులకి పైనుంచి ఆసరాగా ఉంటుంది, అవి గట్టిగా ఢీకొనకుండా తేలిగ్గా కంపిస్తాయి. కాబట్టి భ్రామరి అయ్యాక గొంతు సాఫీగా ఉంటే, మనసు కుదుటపడిందా, లేక గొంతు ఒక్కటే కుదుటపడిందా అని ఆ స్కోరు చెప్పలేదు. మీ బీపీ మెషీన్‌లో తేడా లేకపోయినా యాప్‌లో స్కోరు దిగడానికి ఇదొక కారణం కావచ్చు.

మనసూ శరీరమూ నెమ్మదించాయా అని చూడాలంటే శ్వాస లెక్కపెట్టండి. 2001లో ఇటలీ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. జపమాలతో లాటిన్‌లో ప్రార్థన చేసినా, మంత్రం జపించినా శ్వాస నిమిషానికి ఆరుకి దగ్గరగా దిగింది, గుండె లయ దానితో కలిసి నడిచింది. పొడుగైన వాక్యాన్ని ఒకే ఊపిరిలో చెప్పడం వల్లే శ్వాస నెమ్మదించింది. విష్ణు సహస్రనామం నిదానంగా చదివేవాళ్లని గమనించండి, శ్లోకం చివర ఊపిరి ఎలా తీస్తారో. రోజూ భ్రామరికి ముందు ఒక నిమిషం, అయిన పది నిమిషాలకి ఒక నిమిషం శ్వాసలు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటే, యాప్ అంకె కన్నా మీకు అక్కరకొస్తుంది. బీపీని మాత్రం బీపీ మెషీన్‌తోనే చూసుకోవాలి, గొంతుతో కాదు. ఆ విషయంలో డాక్టరు గారు చెప్పిందే చేయండి.

ఎపోక్:

మంచి చర్చ. నేను స్పీచ్ ప్రాసెసింగ్ మీద పనిచేస్తాను. యాప్ లోపలి సంగతి కొంచెం చెప్తాను.

ఇలాంటి యంత్రాలకి ముందు ఉదాహరణలు చూపించి నేర్పిస్తారు. ఇది భయం, ఇది కోపం, ఇది మామూలు అని. ఆ ఉదాహరణలు ఎక్కడివి? తెలుగులోనే ఒకటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు విజయవాడ ఆకాశవాణి కళాకారులు పదిమందితో, ఐదుగురు ఆడ, ఐదుగురు మగ, 15 వాక్యాల్ని ఎనిమిది భావాల్లో పదేసి విడతలు చెప్పించారు. మొత్తం 12,000 వాక్యాలు. తెలుగులో అంత ఓపిగ్గా చేసిన పని అరుదు, నాకు చాలా గౌరవం. కానీ అది నటన. రేడియో నాటకాల్లో ఆరితేరినవాళ్లు భయం అంటే భయం పలికిస్తారు, వినేవాడికి తెలియాలి కాబట్టి. ఇన్‌స్పెక్షన్ రోజు టీచర్ గారు భయాన్ని బయటికి కనిపించకుండా దాచుకుంటారు. నటించిన భయం చూసి నేర్చుకున్న యంత్రం దాచుకున్న భయాన్ని పట్టుకోవడం కష్టం. యంత్రాలకి నేర్పడానికి పోగుచేసిన ఇలాంటి ఉదాహరణల్లో, ప్రపంచంలో చాలావాటి పరిస్థితి ఇదే.

రెండోది ఫోన్. ఫోన్లో రొద తగ్గించే ఏర్పాటు, శబ్దం ఎక్కువ తక్కువలని సమం చేసే ఏర్పాటు తమంతట తామే పనిచేస్తుంటాయి. గొంతు సన్నగా వణకడాన్ని కొలిచే జిట్టర్, షిమ్మర్ లాంటి లెక్కలు వీటివల్ల పాడవుతాయి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ అయితే మరీను, కుదించి పంపుతుంది. పిచ్ మాత్రం వీటన్నిటికీ తట్టుకుంటుంది. ఒక పెద్ద కంపెనీ, అమెజాన్, 2020లో హేలో అనే చేతి పట్టీతో గొంతు తీరుని బట్టి భావాలు చెప్పే ఏర్పాటు తెచ్చి, 2023లో ఆ పట్టీనే ఆపేసింది.

నైట్‌డెస్క్:

ఎపోక్ అన్నా, స్వరపేటిక గారూ, ఇంకొక్క మాట. మా దగ్గర ఉద్యోగంలో చేరేటప్పుడు ఫోన్ ఇంటర్వ్యూలో అబద్ధాలు కూడా గొంతుని బట్టి పట్టే సాఫ్ట్‌వేర్ పెడతారని అంటున్నారు. అది పనిచేస్తుందా?

స్వరపేటిక:

లేదండీ. దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను. 1970ల నుంచి ఈ వ్యాపారం నడుస్తోంది. కండరాల్లో సెకనుకి 8 నుంచి 12 సార్లు ఉండే సన్నని వణుకు ఒత్తిడిలో గొంతులోంచి మాయమవుతుంది, దాన్ని బట్టి అబద్ధం పట్టేస్తాం అని మొదలుపెట్టారు. చేతి కండరాల్లో ఆ వణుకు ఉన్నమాట నిజమే. గొంతులో అది అలా పనిచేస్తుందని ఎవరూ నిలబెట్టలేకపోయారు. 2003లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ లై డిటెక్టర్ల మీద నివేదిక ఇస్తూ, గొంతు పరీక్షకి శాస్త్రీయ ఆధారం లేదన్నంత పని చేసింది. తర్వాత ఓక్లహోమాలో జైలుకి తెచ్చిన 300 మందికి పైగా మనుషుల్ని మత్తుమందులు వాడారా అని అడిగి, గొంతు పరీక్ష ఫలితాన్ని మూత్ర పరీక్షతో పోల్చారు. అబద్ధం చెప్పినవాళ్లలో అది పట్టింది వందకి 15 మందినే. బ్రిటన్‌లో సంక్షేమ పథకాలు అడిగేవాళ్ల ఫోన్ కాల్స్ మీద 2007లో ప్రయోగం మొదలుపెట్టి 2010లో వదిలేశారు. భయపడే నిజాయితీపరుడు దొరికిపోతాడు, నిబ్బరంగా అబద్ధమాడేవాడు దాటిపోతాడు. అడిగితే నిజం చెప్పండి, దాని స్కోరుకి భయపడకండి. ఆ స్కోరు చూసి ఉద్యోగం ఇవ్వలేదంటే రాతపూర్వకంగా కారణం అడగండి.

టీచర్ గారూ, మీ మూడో ప్రశ్న బాకీ ఉంది. ఇంట్లో చూసుకోవడానికి ప్రాట్ అనే ప్రోగ్రాం ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో బోర్స్‌మా, వీనింక్ తయారుచేశారు, ఉచితం. ప్రపంచమంతా మా వాళ్లు వాడేది అదే. కంప్యూటర్ కావాలి. బడి కంప్యూటర్ ల్యాబ్‌లో పిల్లలే చకచకా పెట్టేస్తారు.

చేయాల్సింది ఇంతే. ఫోన్లో వేవ్ ఫైలుగా దాచే రికార్డర్ వాడండి. ఎప్పుడూ ఒకే గది, తలుపు వేసి, ఫ్యాన్ ఆపి, ఫోన్ నోటికి జానెడు దూరంలో ఒక పక్కగా. ఒకే వేళ. ముందు ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు మామూలు గొంతుతో చెప్పండి. తర్వాత ఆరో తరగతి పుస్తకంలోంచి ఒకే పేరా రోజూ చదవండి. పద్యం వద్దు, పద్యం ఎత్తుకోగానే మనకి రాగం వచ్చేస్తుంది. ప్రాట్‌లో ఫైలు తెరిచి, చదివిన భాగాన్ని మౌస్‌తో ఎంచుకుని, పల్సెస్ మెనూలో వాయిస్ రిపోర్ట్ నొక్కితే ఒక పట్టీ వస్తుంది. అందులో మీడియన్ పిచ్ అన్న ఒక్క అంకె చాలు, రాసుకోండి. పక్కనే ఆ రోజు ఎన్ని పీరియడ్లు, నిద్ర ఎలా పట్టింది, జలుబు ఉందా, మనసు ఎలా ఉంది, ఇవి మీ మాటల్లో ఒక్క ముక్క. అలా నెల రోజులు పోతే మీ గొంతు మామూలు ఎంతో మీకే తెలుస్తుంది. ఆ మామూలు తెలియకుండా ఏ అంకెకీ విలువ లేదు. వేరేవాళ్ల అంకెతో పోల్చడం అస్సలు వద్దు.

జిట్టర్ అంకెని చూసి కంగారు పడకండి. ఒత్తిడిలో గొంతు వణుకుతుంది కాబట్టి జిట్టర్ పెరగాలి అనిపిస్తుంది గానీ, గట్టిగా మాట్లాడితే అది తగ్గుతుంది, ఒత్తిడిలో కూడా చాలామందికి తగ్గినట్టే వచ్చింది.

ఇంకొకటి, థెరపిస్టుగా చెప్తున్నా. పీరియడ్ మధ్యలో నీళ్లు గుక్కెడు గుక్కెడు తాగండి. నడుముకి కట్టుకునే చిన్న మైకు సెట్టు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది వాడితే గొంతు సగం బతుకుతుంది. బొంగురు మూడు వారాలు దాటి తగ్గకపోతే స్కోరులు పక్కన పెట్టి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. థైరాయిడ్, కడుపులో యాసిడ్ పైకి తన్నడం, తంత్రుల మీద కాయలు, వీటన్నిటికీ మొదటి గుర్తు గొంతే కావచ్చు.

పాలకొల్లు_టీచర్:

మీరు చెప్పినట్టే చేస్తున్నానండీ. ప్రాట్ మా తొమ్మిదో తరగతి పిల్లాడు పెట్టాడు. ఆ నీలం గీత నా మాటతో పాటు ఎక్కుతూ దిగుతూ పోతుంటే ల్యాబ్ అంతా నా చుట్టూ మూగారు. ఒకడు "మేడమ్, మీరు మమ్మల్ని కేకలేసేటప్పుడు గీత ఎక్కడికి పోతుందో చూద్దాం" అన్నాడు. చూశాం, తెర పైదాకా పోయింది.

పడక గదిలో తలుపేసుకుని చదువుతున్నాను. మైకు లేకుండా బడి నుంచి వచ్చిన సాయంత్రాలు 238 ప్రాంతంలో ఉండేది. మైకు పెట్టుకున్నాక 221, 223 దగ్గర ఆగుతోంది. బడి అదే, పిల్లలు అదే, ఫ్యాన్లు అవే. ఈ రెండు వరసలూ కాగితం మీద పక్కపక్కన రాసి, ఫోటో తీసి మా వాడికి పంపాను. "వీఆర్‌ఎస్ బదులు మైకుకి ఇంకో బ్యాటరీ పంపు" అని కింద రాశాను. బ్యాటరీ ఆర్డర్ పెట్టాడు. యాప్ తీసేశాను. బీపీకి మళ్లీ వెళ్లాల్సిన తేదీ దగ్గర పడింది, వెళ్తాను.

శ్వాస లెక్క కూడా రాస్తున్నాను. ముందు నిమిషానికి 16, 17 ఉంటుంది, భ్రామరి అయిన పది నిమిషాలకి 10, 11. నిద్ర సరిగా పట్టని రోజు అంతగా దిగదు.

ఒక్క అనుమానం. వాయిస్ రిపోర్ట్‌లో మీడియన్ బాగానే ఉంది గానీ, మినిమం పిచ్ అన్నచోట 79 అని వచ్చింది. అది మగవాళ్ల గొంతు కదా? నాకేమైనా తేడా చేసిందా?

స్వరపేటిక:

ఏమీ కాలేదండీ. వాక్యం చివర ఊపిరి అయిపోయేటప్పుడు గొంతు కిరకిరమంటుంది కదా, పేరా చివర "ఉన్నది" అనే మాట దగ్గర వినండి. అక్కడ కంపనాలు విడిపోయి, ప్రోగ్రాం దాన్ని చాలా కింది పిచ్‌గా లెక్కేస్తుంది. బయటి మోటారు రొద పడినా అలాగే వస్తుంది. పిచ్ సెట్టింగులు తెరిచి పరిధిని 100 నుంచి 500 అని మార్చండి, ఆడ గొంతులకి అది నప్పుతుంది. పాత ఫైళ్లు కూడా ఆ సెట్టింగుతోనే మళ్లీ తీయండి, లేకపోతే పాత అంకెలకీ కొత్త అంకెలకీ పొంతన ఉండదు. మైకు వాడని రోజుల ఫైళ్లు ఉంచుకున్నారా, చెరిపేశారా? ఉంటే ముందు వాటితో మొదలుపెట్టండి.